తోడు డిస్కు

మా ల్యాబులో నెత్తురు పడింది ఒక గురువారం, పొద్దున పదకొండున్నరకి. పడింది కీబోర్డు దెబ్బకి. ఇరవై ఏళ్లుగా కీబోర్డు కొట్టుకుని బతుకుతున్నవాణ్ణి నేను. కీబోర్డుతో కొట్టడం మాత్రం అదే మొదటిసారి చూడడం. కనుబొమ్మ చిట్లిన చప్పుడుతో పాటు రెండు మీటలు ఊడి నా టేబుల్ కిందికి దొర్లాయి. అందులో ఒకటి ‘ఎంటర్’.

నా సంగతి ముందు చెప్పాలి. మా విశ్వవిద్యాలయంలో ఒక డిపార్టుమెంటు కంప్యూటర్ ల్యాబుకి నేను టెక్నికల్ అసిస్టెంటుని. టెక్నికల్‌గా అసిస్టెంటుని, అసలుకి అన్నీను. ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగడం దగ్గర్నుంచి ప్రొఫెసర్లు మరిచిపోయిన పాస్‌వర్డులు గుర్తుంచుకోవడం దాకా నా శాఖే. మా వృత్తిలో ఏ పనైనా కొట్టడమే. ఎంటర్ కొట్టు, ప్రింటు కొట్టు, సర్వరు పలుకుతుందో లేదో పింగు కొట్టు. ఇంత కొట్టినా ఏ మనిషి మీదా చెయ్యి చేసుకోలేదు. మెట్టుగూడ బళ్లో పంతులైన మా నాన్న నా వంతు కూడా కలిపి కొట్టేశారు. ఆయన బెత్తం విరిగిన రోజు మా అమ్మ పాయసం చేసింది. కారణం మాత్రం వేరే చెప్పింది.

కొట్టినవాడు పొడుగాయన. దెబ్బ తిన్నవాడు కళ్లజోడాయన. ఇద్దరూ ముప్పై దాటిన పరిశోధక విద్యార్థులు. పొడుగాయనది నల్లగొండ వైపు, ఉండేది హాస్టల్లో. కళ్లజోడాయన వాళ్లు కోస్తా నుంచి వచ్చి విద్యానగర్‌లో స్థిరపడ్డవాళ్లు. ఆరేళ్లుగా తార్నాకలో ఒకే ప్లేటులో ఇడ్లీ తిన్నారు, ఒకరి తప్పులు ఒకరు దిద్దుకున్నారు. ఇద్దరి పనీ వాన మీదే. ఎంత వాన పడితే నగరంలో ఏ నాలా ఎప్పుడు పొంగుతుందన్న లెక్క. పొడుగాయన గడువు ఆ నెలాఖరుకి. ఆలోపు థీసిస్ ఇవ్వకపోతే ఆరేళ్ల చదువూ ఆ నాలాలోనే కలుస్తుంది.

వాళ్లు పని చేసేది వర్చువల్ మెషిన్ల మీద. వర్చువల్ మెషిన్ అంటే కంప్యూటరు లోపల కాపురం పెట్టిన ఇంకో కంప్యూటరు. చేత్తో తడమడానికి ఏమీ ఉండదు, ఒక పెద్ద ఫైలు, అంతే. అయినా తనకో డిస్కు ఉందని, నెట్‌వర్కు కార్డు ఉందని గట్టిగా నమ్ముతుంది. డిపార్టుమెంటులో నాకో హోదా ఉందని నేను నమ్మినట్టే.

ఆ సోమవారం నుంచి ఇద్దరి మెషిన్లకీ నెట్‌వర్కు నిలవడం లేదు. వాన లెక్కలు కింది అంతస్తు సర్వరు నుంచి రావాలి. ఒక్కో లెక్క తెగకుండా రెండు రోజులు నడవాలి. మధ్యలో లైను పోతే మళ్లీ మొదటికి. కేబుళ్లు మార్చాను, గోడలో సాకెట్లు మార్చాను, నిలబడి ఊదాను కూడా. కళ్లజోడాయన మాత్రం ఓ నోటుబుక్కు పెట్టి, లైను పోయిన ప్రతిసారీ టైము రాసుకున్నాడు. ఆ టైములన్నీ పొడుగాయన వచ్చి తన మెషిన్ తెరిచిన టైములే.

గురువారం కళ్లజోడాయన వచ్చీ రాగానే తన మెషిన్ తెరవలేదు. నోటుబుక్కు తెరిచాడు.

“నువ్వు కూర్చోగానే నాది పోతోంది మామా. మూడు రోజుల్నుంచి. చూడు, రాసి పెట్టాను.”

“నాది గూడ పోతున్నది గదరా. నేను రాసుకోలె, గంతే.”

“మరి ఇప్పుడు నీది బాగానే నడుస్తోందే?”

“నిన్న నువ్వు ఇంటికి వొయినంక పెట్టిన. పదహారు గంటలైంది. ముట్టకు, దండం పెడ్త.”

“నేను ఇంటికెళ్తే బాగానే నడుస్తుందన్నమాట. నేనుంటే నాది ఆగుతుందన్నమాట.”

“అంటే ఏంది? నేను దొంగనా?”

“నేనన్నానా? గడువు మీదికొస్తే మనిషి ఏదైనా చేస్తాడన్నాను.”

“ఇంకోసారి అను.”

కళ్లజోడాయన ఇంకోసారి అనలేదు. వెళ్లి పొడుగాయన కంప్యూటరు వెనక కేబుల్ పీకేశాడు. పీకిన కేబుల్ చేత్తో పట్టుకుని, “ఇప్పుడు నాది పోతుందేమో చూద్దాం” అన్నాడు.

పదహారు గంటల లెక్క తెర మీద ఎర్రగా ఆగిపోయింది. పొడుగాయన ముక్కుసూటి మనిషి అని అందరూ అంటారు. మొదటి గుద్దు సూటిగా ముక్కుకే పడింది. రెండోది కీబోర్డు. కళ్లద్దం పగిలి కనుబొమ్మలో దిగింది. కళ్లజోడాయన తక్కువేం తినలేదు. నెత్తురు కళ్లలోకి కారుతుంటే గుడ్డిగా కుర్చీ ఎత్తి విసిరాడు. అది పొడుగాయన భుజానికి తగిలి, కిటికీ అద్దం తన్నుకుని కిందపడింది. పొడుగాయన అతని మెడ పట్టి తలని టేబుల్ అంచుకి వేసి నొక్కాడు. ఆ అంచు మీద నేనే అంటించిన చీటీ ఉంది, ‘దయచేసి నిశ్శబ్దం పాటించండి’.

అప్పుడు నేను మధ్యలోకి వెళ్లాను. ఎవరి మోచెయ్యో తెలియదు, నా కింది పన్ను ఒకటి కదిలింది. నేను కింద కూర్చున్నాను. నా శాంతి ప్రయత్నం మొత్తం అంతే. పక్క గదుల్లోంచి నలుగురు వచ్చి విడదీశారు. కళ్లజోడాయన్ని ఆటోలో తార్నాక ఆసుపత్రికి తీసుకెళ్లాను. కుట్ర అని మొదలైంది, కుట్లతో ఆగింది. ఐదు కుట్లు.

మధ్యాహ్నం డిపార్టుమెంటు హెడ్ నన్ను పిలిచారు.

“పోలీసులదాంక వద్దు. సోమవారం కమిటీ కూసుంటది. ఆయన రిజిస్ట్రేషన్ రద్దు చేస్తం. లైన్ పోవుడు ఆయన వచ్చినప్పుడేనా, నిజంగ?”

“అవును సార్. నోటుబుక్కు నేనూ చూశాను.”

“మరి లైన్ ఎట్ల కోసిండో కనుక్కొని రాసియ్యి. సంతకం పెట్టు.”

సాక్ష్యం చెప్పాను. అంత సులువుగా ఒక మనిషి ఆరేళ్లని ‘అవును సార్’ అనే రెండు మాటల్లో తుడిచేస్తానని ముందెప్పుడూ అనుకోలేదు.

శనివారం పొద్దున ల్యాబు తాళం తీసి ఒక్కణ్ణే కూర్చున్నాను. కీబోర్డు మీద నెత్తురు నల్లగా ఎండి ఉంది. కుట్ర ఎలా చేశాడో వెతకడం నా పని. ముందు పొడుగాయన మెషిన్ ఆపేసి, కళ్లజోడాయన మెషిన్ తెరిచి సర్వరుకి పింగు కొట్టాను. వరసగా పలికింది. అరగంటలో ఒక్కటీ తప్పలేదు. ఇక రిపోర్టు రాసేయొచ్చు. పెన్ను కూడా తీశాను. కానీ చాలాకాలంగా ఈ పని చేస్తున్న చెయ్యి కదా, ఒక వైపు చూసి ఊరుకోలేదు. కళ్లజోడాయన మెషిన్ ఆపి, పొడుగాయనది తెరిచాను. అదీ వరసగా పలికింది. అదీ అరగంట.

రెండూ ఒకేసారి తెరిచాను.

ఒకటి పలికితే ఒకటి మూగబోయింది. మూగది లేచేసరికి ఇది పడింది. ఒకదాని గొంతు ఒకటి నొక్కుతున్నట్టు, గురువారం టేబుల్ అంచు మీద చూసిందే మళ్లీ తెర మీద చూశాను. కాకపోతే ఇక్కడ ఇద్దరూ కొడుతున్నారు, ఇద్దరూ తింటున్నారు.

రెండింటి నెట్‌వర్కు కార్డుల నంబర్లు పక్కపక్కన పెట్టి చూశాను. ఆ నంబరు ప్రతి యంత్రానికీ పుట్టుకతో వచ్చేది, ఏ రెండింటికీ ఒకటి కాకూడదు. దాన్ని బట్టే నెట్‌వర్కు ఎవరి ఉత్తరం ఎవరికివ్వాలో తేల్చుకుంటుంది. పన్నెండు అక్షరాలు. మొదటి నుంచి చివరిదాకా ఒకటే. ఉత్తరాలు తెచ్చేవాడు ఒకే తలుపు నంబరున్న రెండిళ్ల మధ్య పరిగెడుతున్నాడు.

నంబరు ఎక్కడో చూసినట్టుంది. బీరువా తీశాను. లోపల ఓ చిన్న డిస్కు, దాని మీద అంటించిన ప్లాస్టరు ముక్క, ప్లాస్టరు మీద మార్కరుతో అవే పన్నెండు అక్షరాలు. రాత నాదే.

దాన్ని మా ల్యాబులో తోడు డిస్కు అంటారు. వాన లెక్కలకి ఓ ఖరీదైన సాఫ్ట్‌వేరు కావాలి. డిపార్టుమెంటు కొన్నది ఒకే లైసెన్సు. ఆ లైసెన్సు ఫలానా నంబరున్న యంత్రంలో తప్ప తెరుచుకోదు. కాబట్టి నేనొక మెషిన్ తయారుచేసి, ఈ డిస్కులో దాచి, కొత్తగా ఎవరొచ్చినా పక్కింటావిడకి పెరుగు తోడు ఇచ్చినట్టు ఒక కాపీ ఇచ్చేవాణ్ణి. కాపీ చేసేటప్పుడు ‘పాత నంబర్లు మార్చవద్దు’ అన్న గడిలో టిక్కు పెట్టేవాణ్ణి. మారితే సాఫ్ట్‌వేరు తెరుచుకోదు మరి. అందరికీ తెలుసు, హెడ్‌కి కూడా. ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఎందుకంటే ఆ కాపీలన్నీ తమ తమ కంప్యూటర్ల చాటున ఉండేవి. బయటికి కనిపించేది వాటిని మోసే పెద్ద కంప్యూటరు నంబరే. లైను పోవడం మొదలైన ఆ సోమవారమే, సర్వరు నుంచి లెక్కలు త్వరగా వస్తాయని, ఈ రెండింటినీ చాటు నుంచి తీసి నేరుగా క్యాంపస్ నెట్‌వర్కు మీదికి తెచ్చాను. దాన్ని మా భాషలో బ్రిడ్జి వెయ్యడం అంటారు. ఇద్దరు స్నేహితుల మధ్య నేను వేసిన వంతెన అది.

డిస్కుని నేలకేసి కొట్టాలనిపించింది. చెయ్యి ఎత్తాను కూడా. సాక్ష్యం అదొక్కటే అని గుర్తొచ్చి, గోడని గుద్దాను. గోడకేం కాలేదు.

సాయంత్రం తార్నాకలో మా ఇంట్లో, మా ఆవిడ పాలు తోడు పెడుతోంది. ఆవిడ మిషనరీ స్కూల్లో టీచరు. ఎదుటివాడి మొహం చూసి హోంవర్కు చేశాడో లేదో చెప్పేస్తుంది. వాచిన వేళ్లు చూసి, “ఇవాళ మీరు ఎవర్ని కొట్టారు?” అంది.

“గోడని.”

“అది తిరిగి కొట్టదనా?”

అంతా చెప్పాను. లైసెన్సు సంగతి బయటపడితే నా కాంట్రాక్టు మళ్లీ రాయకపోవచ్చని కూడా చెప్పాను. ఆవిడ గిన్నె మీద మూత పెట్టింది.

“ఆ అబ్బాయి మీద సాక్ష్యం చెప్పిందీ మీరేగా?”

“ఆఁ.”

“అయితే సోమవారం ఒక్కరే వెళ్లకండి. తోడుగా ఆ డిస్కు కూడా తీసుకెళ్లండి.”

సోమవారం కమిటీ గది బయటే హెడ్ నా మోచెయ్యి పట్టుకున్నారు. శనివారమే ఫోన్లో చెప్పాను ఆయనకి. “మిషన్ ఖరాబైంది అని చెప్పు, చాలు. గా లైసెన్స్ ముచ్చట తియ్యకు. నీకే మంచిది గాదు.”

లోపల ఇద్దరు ప్రొఫెసర్లు, హెడ్. ఒక కుర్చీలో పొడుగాయన, భుజం వంగిపోయి. ఇంకో చివర కళ్లజోడాయన, కంటి మీద కట్టు, కళ్లజోడు లేదు. నేను యంత్రం లోపం అన్నాను. పెద్ద ప్రొఫెసరమ్మ ఊరుకోలేదు.

“లోపం ఆ అబ్బాయి చేసింది కాదని రుజువేంటి? మీరేగా అతనొచ్చినప్పుడే పోతోందని చెప్పారు?”

పొడుగాయన మొదటిసారి నా వైపు చూశాడు. సాక్ష్యం చెప్పింది నేనని అతనికి అప్పుడే తెలిసింది. ఆ చూపు కీబోర్డు కంటే గట్టిగా తగిలింది.

జేబులోంచి డిస్కు తీసి బల్ల మీద పెట్టాను. ప్లాస్టరు మీది నంబరు చదివాను. రెండు మెషిన్ల నంబర్లు చదివాను. ఎవరు కాపీ చేశారో, ఏ గడిలో టిక్కు పెట్టారో, ఎందుకో, ఎవరెవరికి తెలుసో చెప్పాను. హెడ్ కిటికీలోంచి చెట్లు లెక్కపెట్టుకుంటున్నారు.

“కేబుల్ నేనే పీకాను మేడం,” అన్నాడు కళ్లజోడాయన, ఎవరూ అడక్కుండానే. “ముందు చెయ్యి పెట్టింది నేను.”

గంట తర్వాత తేల్చారు. పొడుగాయన రిజిస్ట్రేషన్ ఉంటుంది. చెయ్యి చేసుకున్నందుకు క్షమాపణ పత్రం రాయాలి, గడువుకి నెల అదనం. తోడు డిస్కు జప్తు. నాకు మెమో. కాంట్రాక్టు సంగతి తర్వాత చూస్తామన్నారు.

వరండాలో పొడుగాయన నాకు అడ్డంగా నిలబడ్డాడు. కృతజ్ఞత చెప్తాడనుకున్నాను. మనిషిని కదా.

“నన్ను దొంగ అని రాసిచ్చేటోనివి గదా సార్.”

“అవును,” అన్నాను.

కొట్టాడు. ఒక్కటే. ఎడమ దవడ మీద. వరండా స్తంభం నన్ను ఆపింది. నోట్లో ఉప్పగా నిండింది. గురువారం నుంచి ఊగుతున్న పన్ను నాలుక మీదికి వచ్చి కూర్చుంది. అందరూ ఏదో ఒకటి చెల్లించారు, నేను పన్ను కట్టాను. పొడుగాయన తన చేతిని తనే చూసుకుంటున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. మళ్లీ కమిటీ గది తలుపు తెరుచుకుంటే అతని పని అయిపోతుంది. కళ్లజోడాయన వచ్చి నా నోటికి తన రుమాలు అడ్డం పెట్టి, ఇద్దర్నీ మెట్ల మీదికి నెట్టాడు.

“నడు మామా, నడు. ఎవరూ చూడకముందే.”

గేటు దగ్గర ఆటో దొరికింది. తార్నాకలో పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పారు. నేను మధ్యలో, అటు ఒకరు, ఇటు ఒకరు. రుమాలు ఎర్రగా నానిపోయింది. ఆటో ఆయన అద్దంలో మమ్మల్ని ముగ్గుర్నీ చూశాడు. కట్టు కట్టిన కన్ను, వంగిన భుజం, నా మొహం.

“అర్రే, ఖూన్ వస్తున్నది గదా సార్. ఎవరు కొట్టిండ్రు?”

“నేనే,” అన్నాడు పొడుగాయన.

“నేనే,” అన్నాడు కళ్లజోడాయన, అదే క్షణంలో.

ఆటో ఆయన అయోమయంగా ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు. తర్వాత అద్దం పక్కకి తిప్పేసి, తార్నాక మెట్రో స్తంభాల వైపు బండి పోనిచ్చాడు.