గడువు దాటిన మడి

మా అక్క లైబ్రేరియన్. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని అందరికీ ఒకే పాఠం నూరిపోసింది: తీసుకున్నది పద్నాలుగు రోజుల్లో, తీసుకున్నది తీసుకున్నట్టే తెచ్చివ్వాలి. చివరికి ఆ పాఠమే మా మెడకి చుట్టుకుంది.

లైబ్రరీ వెనక ఖాళీ స్థలంలో బళ్ళ షెడ్డు వేస్తామని పైఆఫీసు వాళ్ళన్నారు. అక్క అడ్డంపడి, పాఠకుల చేత అక్కడ తోట వేయిస్తానంది. "రెండు నెల్లలో పచ్చగా కనబడాలి, లేదంటే షెడ్డే" అన్నారు వాళ్ళు. ఆ రోజే నా నడుముకి శని పట్టింది. రాళ్ళేరింది నేను, మట్టి మోసింది నేను. ఆ పనికే ఆరు వారాలు పోయాయి. అక్క చేసిందల్లా పన్నెండు మళ్ళకి నంబర్లు వేసి, పుస్తకాల కార్డుల మీదే పాఠకులకి తలా ఒకటి ఇవ్వడం.

"మడికి గడువు ముద్రెందుకక్కా?" అన్నాను.

"ముద్ర లేకుండా నా చేతిమీదుగా ఏదీ పోదు. మళ్ళీ వచ్చి రాయించుకుంటార్లే."

ఒక్కరూ రాయించుకోలేదు. పద్నాలుగో రోజు పొద్దున్నే రిటైరైన లెక్కల మాస్టారు వచ్చారు. "మూడో నంబరు ఇచ్చేస్తున్నానమ్మా. ఎలా ఇచ్చారో అలాగే ఉంది, చూసుకోండి."

చూశాం. తోటకూర మొలకలన్నీ పీకేసి, నేల చదును చేశారు. సాయంత్రానికి పదకొండు మళ్ళదీ అదే గతి. ఏడో నంబరు తీసుకున్న కాంపౌండరైతే చీపురుతో ఊడ్చి మరీ పోయాడు. నాకు ఏడుపొచ్చింది. తనిఖీకి ఇంకా నాలుగు రోజులే. చెప్పినట్టు విన్నవాళ్ళని ఏమని తిడతాం?

పన్నెండోది టైలరమ్మది. ఆమె తీసుకున్న నవల మూడేళ్ళయినా తిరిగి రాలేదు. ఆమె పేరెత్తితే అక్క పళ్ళు నూరుతుంది. మడి ఇవ్వనంటే నేనే బతిమాలి ఇప్పించాను. గడువు రోజున ఆమె జాడే లేదు. వెనక గేటులోంచి, అక్క కంటపడకుండా, రోజూ నీళ్ళు పోసి పోతోందట.

అధికారి వచ్చాడు. పదకొండు బోడి మళ్ళు, చివర ఒక్కదాంట్లో జానెడు తోటకూర.

"ఇదేనా తోట?"

"మిగతావి విత్తనాలకి సిద్ధం చేశాం సార్" అని అబద్ధమాడాను. ఆయన వంగి ఆకులు నిమిరాడు. "సరే, కానివ్వండి. షెడ్డు ఇంకెక్కడైనా చూస్తాం" అన్నాడు.

ఆ సాయంత్రం టైలరమ్మ బకెట్టుతో వచ్చి అక్కకి దొరికిపోయింది. బిక్కచచ్చిపోయి, "మర్చిపోలేదమ్మా! రేపు తప్పకుండా పీకేసి ఇచ్చేస్తాను" అంది.

"ముట్టుకున్నావంటే చూడు!" అని అరిచి, అక్క ఆ బకెట్టు లాక్కుని తనే నీళ్ళు పోసింది. రెండు నెల్లలో అక్క నీళ్ళు పోయడం అదే మొదలు.