నది ఒడ్డుకు వయసు కట్టిన రోజులు

పోయిన వారం టాటానగర్‌లో, మాంగో పేటలోని మా ఇంటికి వచ్చే హిందీ పేపర్లో సగం పేజీ రంగుల బొమ్మ వేసి, సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలిసే చోట ఒడ్డుకు మళ్ళీ జీవం పోయబోతున్నారనీ, ఈ చారిత్రక నగరానికి యాత్రికులు మళ్ళీ బారులు తీరతారనీ రాశారు. బొమ్మలో రంగురంగుల దీపాలూ, సిమెంటు మెట్లూ, ఆ మెట్ల మీద నవ్వుతూ కూర్చున్న ఒక కుటుంబమూ ఉన్నాయి. ఆ కుటుంబంలో ఒక్క ముఖం కూడా ఈ ఊరి ముఖంలా లేదు. మళ్ళీ జీవం పోయడం అన్న మాట దగ్గరకు వచ్చేసరికి పేపరు మడిచి పక్కన పెట్టేశాను. ఆ మాట నేను మొదటిసారి విన్నది ఎనభైల దశకం మొదట్లో. టాటానగర్ రైల్వే క్వార్టర్లలోనూ, బర్మామైన్స్ సందుల్లోనూ నాతోపాటు పెరిగిన నా ఈడువాళ్ళకైనా ఈ సంగతి చెప్పుకుంటే మనసు కొంత తేలికపడుతుందేమోనని రాస్తున్నాను.

మా నాన్న రైల్వేలో ఫిట్టరు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మట్టిపనికి వచ్చి, ఇక్కడ అడవి కొట్టి రోడ్లు వేస్తున్నప్పుడు తట్టలు మోసిన మనిషి. నేను బీఏ ప్యాసయి, టైపు హయ్యరు కూడా పూర్తిచేసి, మా వీధిలో ఇంగ్లీషులో అర్జీ రాయగల ఏకైక ఆడపిల్లగా కొంచెం గీరగానే తిరుగుతున్న రోజులవి. ఊళ్ళో హోటళ్ళవాళ్ళూ, టూరిస్టు బస్సులవాళ్ళూ కొందరు కలిసి ఒక కమిటీ పెట్టుకుని, ఈ ఊరు యాత్రాస్థలంగా ఏ దశలో ఉందో తేల్చడానికి కలకత్తా నుంచి ఒక ప్రొఫెసరుగారిని పిలిపించారు. ఆయనకు హిందీ, తెలుగు, కాస్త ఒడియా వచ్చిన మనిషి, అందులోనూ టైపు చేయగల మనిషి కావలసి వచ్చింది. మా కాలేజీ మేడమ్ నా పేరు చెప్పారు.

సాక్చీ బజారులో సైకిళ్ళ షాపు మీద ఒక గదిలో మా పని. మొదటి రోజే ప్రొఫెసరుగారు నల్లబల్ల మీద సుద్దముక్కతో ఒక గీత గీశారు. కింద చదునుగా మొదలై, మెల్లగా పైకి లేచి, చివర్లో వంగిపోయే గీత. మనిషికి ఉన్నట్టే ఊరికీ వయసు ఉంటుందన్నారు. ముందు ఎవరో ఒకరిద్దరు దారితప్పినట్టు వచ్చి చూసి పోతారు. తరవాత ఊరివాళ్ళే వాళ్ళకు ఇంత తిండీ, ఇంత నీడా ఇవ్వడం మొదలుపెడతారు. ఆ తరవాత బయటినుంచి పెట్టుబడి వస్తుంది, ఊరు కిక్కిరిసిపోతుంది, జనానికి మొహం మొత్తుతుంది, ఇక పతనమో పునరుజ్జీవమో ఏదో ఒకటి. అంత పెద్ద సంగతి ఒక్క గీతలో ఇమిడిపోవడం చూసి నేను ముగ్ధురాలినయ్యాను. ఆ గీతను నా నోటుబుక్కులో గీసుకుని ఇంటికి వెళ్ళి నాన్నకు చూపించాను కూడా.

చారిత్రక నగరం అన్న మాట దగ్గర మాత్రం నాకు నవ్వొచ్చింది. మా తాతకంటే వయసులో చిన్నదైన ఊరికి చరిత్ర ఏమిటి అనుకున్నాను. ఆ లోటు కమిటీవాళ్ళే తీర్చారు. ఎప్పుడో ఏదో రాజు వేటకు వచ్చి ఆ నదుల కూడలిలో స్నానం చేశాడని ఒక కథ అల్లి, నా చేతే హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాయించి, బోర్డు కట్టించారు. అప్పుడే నాకు రోత పుట్టి ఉండాల్సింది. పుట్టలేదు. అక్షరాలు బాగా కుదిరాయని సంబరపడ్డాను.

ఆ కూడలి ఒడ్డున మా మేనత్త ఉండేది. మావయ్య పోయాక ఎవరి పంచనా ఉండనని, ఒడ్డున ఒక గుడిసె వేసుకుని, వేసవిలో ఏరు చూడ్డానికి వచ్చినవాళ్ళకు కుండలో చల్లని నీళ్ళు ఇవ్వడంతో మొదలుపెట్టి, కొన్నాళ్ళకు పునుగులూ, ఉల్లిబజ్జీలూ, టీ వరకు వచ్చింది. డ్యూటీ లేని ఆదివారాలు కుటుంబాలతో సైకిళ్ళ మీద వచ్చే కార్ఖానా కూలీలూ, కాలేజీ కుర్రాళ్ళూ, దూరపు చుట్టాలను తీసుకొచ్చి రెండు నీళ్ళ రంగులు వేరువేరుగా కలవడం చూపించే మన రైల్వేవాళ్ళూ అందరూ ఆమె పొయ్యి దగ్గర ఆగేవారు. పిల్లలు నీళ్ళలో ఎక్కడిదాకా దిగవచ్చో, ఎక్కడ ఊబి ఉందో చెప్పే మనిషి కూడా ఆమే. ప్రొఫెసరుగారి గీతలో రెండో దశకు ఎవరినైనా చూపించమంటే నేను చూపించగలిగేది మా అత్తనే.

మొదట నాలుగు ఆదివారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒడ్డున నిలబడి వచ్చినవాళ్ళను లెక్కపెట్టడం నా పని. అత్త దూరం నుంచి చూసి చూసి చివరికి గరిటె పట్టుకునే వచ్చింది.

"ఏటే అమ్మీ, పొద్దున్నుంచి ఎండలో నిలబడి ఏటి నెక్కెడతన్నావు? ఆలేటి గొర్రెలా?" అంది.

ఈ చోటుకు వయసు కడుతున్నామత్తా అన్నాను. ఏటికి వయసు కట్టే చదువులు కూడా వచ్చాయా అని ఆశ్చర్యపోయి, వేడి పునుగులు ఆకులో పెట్టి నా చేతిలో పెట్టింది.

నా కాగితాల ప్రకారం ఒడ్డు మంచి వయసులో ఉంది. వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తున్నారు, కొత్తవాళ్ళను వెంటబెట్టుకుని వస్తున్నారు. ఆ కాగితాలు ప్రొఫెసరుగారికి ఇచ్చిన మర్నాడు కమిటీవాళ్ళు ఆ గదికి వచ్చారు. నన్ను బయట కూర్చోమన్నారు. వాళ్ళు వెళ్ళాక ఆయన, ఇకనుంచి సోమవారాలు లెక్కపెట్టు అన్నారు. అప్పటికి వానలు పట్టాయి. సోమవారం మధ్యాహ్నం, వానలో, ఆ ఒడ్డుకు కుక్క కూడా రాదు. ఆ పైన కొత్త ప్రశ్నాపత్రం ఒకటి ఇచ్చారు. మీకు ఇక్కడ ఏమి నచ్చలేదు అన్న ప్రశ్న కింద ఈగలు, నూనె వాసన, గుడిసెలు, బురద అని వరసగా ఉన్నాయి. ఏమి నచ్చింది అన్న ప్రశ్నే లేదు. ఆ మాటే అడిగాను. ఆయన కిటికీలోంచి రోడ్డు మీది రిక్షాలను చూస్తూ, ఒడ్డు ఆరోగ్యంగా ఉందని రాస్తే వీళ్ళకు మనతో పనేముంది అన్నారు. రోగం ఉందని రాస్తేనే వైద్యం చేయడానికి అనుమతులు దొరుకుతాయట. వైద్యమంటే ఒడ్డంతా ఖాళీ చేయించి, పడవలూ, రెస్టారెంటూ పెట్టుకోవడం.

అప్పుడైనా లేచి రావలసింది. రాలేదు. రిపోర్టు లోపలి పేజీలో నా పేరు కూడా అచ్చవుతుందన్నారు, పని బాగుంటే కలకత్తాలో ఉద్యోగానికి సిఫారసు చేస్తామన్నారు. నేను సోమవారాలు గొడుగు వేసుకుని వెళ్ళి ఖాళీ ఒడ్డును లెక్కపెట్టాను.

ఆ తరవాత ఒడ్డున ఉన్నవాళ్ళ వివరాలు రాసుకు రమ్మన్నారు. అత్త నాకు పీట వేసి, తను నేల మీద కూర్చుని, శనగపిండి కలుపుతూనే జవాబులు చెప్పింది. ఎన్నాళ్ళుగా ఉంటున్నావు, వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయి, వరద వస్తే ఎంతవరకు వస్తుంది, అన్నీ అడిగాను. ఈ జాగాకు కాగితం ఉందా అని కూడా అడిగాను.

"కాయితమేటి? ఏరు సోటిచ్చింది, నాను కూకున్నాను," అంది నవ్వుతూ. రాసింది హిందీలో చదివి వినిపించనా అంటే, "నువ్వు రాత్తే నాకేటి బయ్యం" అని, పిండి చేయి కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేసింది.

పదిహేను రోజుల తరవాత రిపోర్టు చిత్తుప్రతి నా బల్ల మీదికి వచ్చింది. ఒడ్డు పతన దశలో ఉందని తేల్చారు. అనుబంధంలో ఒక పేజీ: నదీతీరాన్ని ఆక్రమించినవారిలో ఒక స్త్రీ, తన వద్ద స్థలానికి ఎటువంటి పత్రమూ లేదని, మురికినీటిని నదిలోకే వదులుతున్నానని స్వయంగా అంగీకరించి వేలిముద్ర వేసినది. ఆ కాగితం పట్టుకుని ప్రొఫెసరుగారి దగ్గరకు వెళ్ళి, ఆమె మా నాన్నకు స్వయానా అక్క అనీ, ఆ పేజీ తీసేయమనీ అడిగాను. ఆయన తల దించుకున్నారు. కాగితంలో ఎవరి పేరూ లేదు కదమ్మా అన్నారు చివరికి.

నేను బల్ల దగ్గరకు తిరిగి వచ్చి ఆ పేజీ టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా చేశాను. ఇలాంటి రిపోర్టులు బీరువాల్లో దుమ్ము పట్టి పడి ఉంటాయిలే అని నాకు నేనే చెప్పుకుని, ఇంట్లోగానీ అత్తతోగానీ ఒక్క మాట అనలేదు. రిపోర్టు ఇచ్చిన రోజు ఒక హోటల్లో సభ చేశారు. లేని రాజును పొగిడారు, రాని యాత్రికులను పొగిడారు, తెలివైన స్థానిక యువతి అని నన్నూ పొగిడారు. ప్లేటులో పెట్టిన కట్లెట్టు నోట్లో పెట్టుకుంటే జిగటగా తగిలింది, రుమాల్లోకి ఉమ్మేశాను.

దసరా వెళ్ళిన కొద్ది రోజులకు ఒక ఉదయం నాన్నతో పనిచేసే ఆయన పరుగున వచ్చి, ఏటి ఒడ్డున గుడిసెలు పీకేస్తున్నారని చెప్పాడు. మేము వెళ్ళేసరికి లారీ నిలబడి ఉంది. గుడిసె తాటాకులు ఒక పక్క, సామాను ఒక పక్క పడి ఉన్నాయి. పిండి గిన్నె బోర్లాపడి బురదలో కలిసిపోయింది. అత్త ఎవరితోనూ కలబడలేదు, ఏడవలేదు, తన మూకుడు ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చుని ఉంది. కమిటీ మనిషి ఒకడు చేతిలో కాగితం పట్టుకుని, చుట్టూ మూగినవాళ్ళకు, ఈమే ఒప్పుకుంది, వినండి, అని హిందీలో గట్టిగా చదువుతున్నాడు. ఇన్నేళ్ళుగా, కాగితం లేదు, నీళ్ళు ఏట్లోకే, వరద మెట్టు దాకా. అత్తకు హిందీ బాగా వచ్చు. అంతా వింది. విని, నా వైపు తిరిగింది.

"ఓలమ్మీ, ఇయన్నీ నాను నీకు సెప్పినవే గదా," అంది.

కోపంగా అనలేదు. తను విన్నది సరేనా కాదా అని తేల్చుకోవడానికి అడిగినట్టు అడిగింది. నేను ఆ మనిషి దగ్గరకు వెళ్ళి, లెక్కలన్నీ దొంగలెక్కలనీ, నేనే రాశాననీ అరిచాను. అవును మేడమ్, మీ పేరే ఉంది అని లోపలి పేజీ తీసి చూపించాడు.

ఇల్లు చేరాక నాన్న, "ఏటి రాసినావో నాకు సెప్పొద్దు. ఎందుకు రాసినావో సెప్పు," అన్నాడు. మర్నాడు కమిటీ దగ్గర పని మానేశాను. ఆదివారాల లెక్కల చిత్తు కాగితాలు నా దగ్గర మిగిలినవి తీసుకుని, అనుమతులిచ్చిన ఆఫీసు చుట్టూ రెండు నెలలు తిరిగాను. అక్కడి గుమాస్తా వాటిని తీసుకుని ఒక కట్ట కింద పెట్టాడు, అంతే. అవి మళ్ళీ వెలుగు చూడలేదు.

నాన్న అత్తకు పర్సుడీహ్ బజారు పక్కన ఒక గది చూశాడు. అక్కడే పొయ్యి పెట్టుకుని బతికింది. పండక్కీ పబ్బానికీ మా ఇంటికి వచ్చేది, నా పెళ్ళికి పసుపు దంచింది, నా పిల్లలకు నీళ్ళు పోసింది. ఒక్క మాట కూడా నిష్ఠూరమాడలేదు. అయితే అంతకుముందు శ్రీకాకుళం వైపు సొంత ఊళ్ళో ఉన్న చెల్లెలికి ఉత్తరాలన్నీ నా చేతే రాయించుకునేది. ఆ తరవాత ఎన్నడూ రాయించుకోలేదు. మోకాళ్ళ నొప్పులతో రెండు వీధులు దాటి, వచ్చీరాని తెలుగు రాసే ఒక మాస్టారి దగ్గరకు వెళ్ళేది. నేను రాస్తాను రా అత్తా అంటే, నీకు పనులుంటాయిలే అమ్మీ అనేది. పోయేవరకూ అంతే.

ఒడ్డున కమిటీవాళ్ళు పడవలు తిప్పింది రెండు శీతాకాలాలు. రెస్టారెంటులో ఎవరూ కూర్చోలేదు, మన కూలీ కుటుంబాలను లోపలికి రానివ్వలేదు. తరవాత ఆ గోడల మధ్య సీసా పెంకులూ, ఉచ్చ కంపూ మిగిలాయి. ముక్కు మూసుకుని ఒకసారి చూసి వచ్చాను. బతికి ఉన్న చోటును చచ్చిందని రాసి, రాసింది నిజం చేయడానికి నిజంగానే చంపారు. ఆ చావుకు దస్తూరీ నాది.

ప్రొఫెసరుగారు పోయి చాలా కాలమైంది, ఆయన మీద అసహ్యం కూడా మెల్లగా అరిగిపోయింది. నా మీద నాకున్నది అరగలేదు. నేను తరవాత ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, జనాభా లెక్కలకనీ, ఓట్ల జాబితాలకనీ ఈ ఊళ్ళో తిరగని బస్తీ లేదు. మొదట్లో కాగితాలు పట్టుకుని వెళితే మనవాళ్ళు చదువుకున్న పిల్ల వచ్చిందని లోపలికి పిలిచి, అడిగినదీ అడగనిదీ కడుపులో దాచుకోకుండా చెప్పేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ తలుపులు సగమే తెరుచుకోవడం మొదలైంది. చివరికి వచ్చేసరికి ముందుగా సంతకం దేనికని అడిగేవారు, మనుమలను పిలిచి చదివించుకునేవారు, ఆ మనుమలు తెలుగులో అడిగిన దానికి హిందీలో, ఇంట్లో ఎవరూ లేరని జవాబు చెప్పేవారు. నాతోపాటు తిరిగే టీచర్లు జనం మారిపోయారని విసుక్కునేవారు. నేను మాత్రం ఆ సగం తెరిచిన తలుపుల ముందు నిలబడి, వీళ్ళకు ఇప్పటికైనా బుద్ధి వచ్చింది కదా అనుకునేదాన్ని, అనుకుని గడప ఇవతలే నిలబడి రాసుకునేదాన్ని.