ఎద్దు మీది అంకె

వడ్డేపల్లి దగ్గర మా అత్తగారి ఊరి గుట్ట మీద ఒక బండ నిండా ఎద్దులు. రాతిని రాతితో పొడిచి చేసిన బొమ్మలు అవి. పెద్ద మూపురాలు, బారు కొమ్ములు. ఎవరింట్లో పెయ్య తొలిచూలు ఈనినా ఆ ఇంటి ఆడమనిషి వెళ్లి అక్కడొక ఎద్దును కొట్టి రావాలి. అందాకా ఆ పాలు ఇంట్లో ఎవరూ ముట్టరు.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే మా పెయ్య ఈనింది. నిజాం రాజ్యం నాటి మాట. అత్తకు మోకాళ్లు పట్టేశాయి.

"ఈపారి నువ్వే పో పిల్లా. నా ఎద్దు పక్కనే కొట్టు" అంది.

పరాయి ఊరి పిల్లను. ఆ ఒక్క మాటతో ఆ ఊరిదాన్నయిపోయాను.

జున్నుపాల చెంబు, పసుపు, గుండ్రాయి పట్టుకుని వెళ్లేసరికి బండ చుట్టూ తాడు కట్టి ఉంది. పట్నం నుంచి వచ్చిన అధికారి ఒకాయన గొడుగు కింద కూర్చుని బొమ్మలను కాగితం మీదికి దించుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ముట్టుకోవద్దు. ఇవి వేల ఏళ్ల కిందటివి. చేసినవాళ్లు ఎప్పుడో పోయారు."

నాకు ఒళ్లు మండింది.

"యాడికి పోయిండ్రు సారూ? గదిగో, గా ఎద్దు మా అత్త కొట్టింది. ఇంట్ల కూసోని గట్క తింటుంది. పిలవాల్నా?"

ఆయన నమ్మలేదు. నా చేతిలో రాయి లాక్కోమని జవానుకు చెప్పాడు. ఆ జవాను మా ఊరి ముస్లింల పిల్లవాడే. తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"సాబ్, జర ఆగుండ్రి. మా అమ్మ కొట్టిన ఎద్దు గూడ గీడ్నే ఉంది. వదినె చేతిల రాయి నేనెట్ల గుంజుకోవాలె?"

అధికారి కాస్త మెత్తబడి, గుట్ట అవతల ఇంకో బండ చూసుకోమన్నాడు. మందలో ఉండాల్సిన ఎద్దు అవతల ఒంటరిగా ఏం చేస్తుంది? నేను తాడు కింద నుంచి దూరి, అత్త ఎద్దు పక్కన చతికిలబడి కొట్టడం మొదలుపెట్టాను. భయం లేదనను. గుండ్రాయి పక్కకు జారి ఒక కొమ్ము వంకర పోయింది. అయినా పూర్తిచేసి, పసుపు రాసి, జున్నుపాలు పోసి లేచాను. ఎవరూ ఆపలేదు.

ఆయన వెంట వచ్చిన మనుషులు పోతూ పోతూ, వేల ఏళ్లనాటివని ఎద్దులన్నిటికీ సున్నంతో అంకెలు వేశారు. కొత్తదని నా ఎద్దును వదిలేశారు. అత్త ఎద్దుకు మాత్రం అంకె పడింది.

ఆ సంగతి చెప్పగానే అత్త కర్ర పట్టుకుంది. ఎంత వద్దన్నా వినకుండా ఆ మోకాళ్లతోనే గుట్ట ఎక్కి, కొంగు తడిపి ఆ అంకెను తుడిచేసింది.

"నేనింకా సావలే" అంది.