పెద్దాయనకు కొత్త చొక్కా

ప్రభుదాస్ అన్న గుండె ఆగి కన్నుమూశాడని మొన్న ఉదయం పంజాగుట్ట దాటుతున్న బస్సులో ఉండగా తెలిసింది. దిగాల్సిన స్టాపు వెళ్లిపోయినా లేవలేకపోయాను. ఆగిపోయినవాటిని నడిపించడమే వృత్తిగా బతికిన మనిషి తానే ఆగిపోయాడంటే మనసు ఒప్పుకోలేదు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మెట్ల కింద ఆయన రిపేరు దుకాణం. పాత కంప్యూటర్‌ను ఆయన ఎన్నడూ పాతది అనలేదు, ‘పెద్దాయన’ అనేవాడు. దానిలో కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించేటప్పుడు ఆయన ఓర్పు అసామాన్యం. “పెద్దాయనకు కొత్త చొక్కా తొడుగుతున్నం భాయ్. చెయ్యి వంగదు. గుంజితే చొక్కానన్నా చినుగుతది, చెయ్యన్నా ఇరుగుతది. జర మెల్లగ దూర్చాలె” అనేవాడు.

ఎస్.ఆర్. నగర్‌లోని మా చిన్న గ్రంథాలయంలో ఉన్నది ఒకే కంప్యూటర్. పదో తరగతితో బడి మానేసిన నాకు అక్కడి అల్మారాలే కళాశాల. వాటిలో దొరకని గ్రంథాలను ఆ తెర మీదే చదివాను. హాస్టల్ పిల్లలు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టేదీ దాని మీదే. నిరుడు దాని సిస్టం మరీ పాతబడి వెబ్‌సైట్లు తెరుచుకోవడం మానేశాయి. కొత్తది ఎక్కించబోతే, ఈ కంప్యూటర్ తనకు తగదని తెర మీదే తిరస్కరించింది. పాత సామాన్ల బండికి వేసేద్దామన్నారు కార్యదర్శి గారు. నేను పరుగున పోయి అన్నను పిలుచుకొచ్చాను.

“పోయినట్టేనండీ. ఇంకా ఏంటి చూసేది?” అన్నారు కార్యదర్శి గారు.

“పోలే సార్, అలిగింది” అన్నాడు అన్న.

“నిఘంటువులో దీన్ని అననుకూలత అంటారు” అన్నాను నేను.

“నీ నిఘంటువుల స్క్రూడ్రైవర్ ఉంటే ఇయ్యి భాయ్!”

దుమ్ము దులిపి, ర్యామ్ పెంచి, ఆ తిరస్కారాన్ని ఎట్లాగో దాటించి సిస్టం ఎక్కించాడు. తెర వెలిగింది గాని ఇంటర్నెట్ రాలేదు. నెట్‌వర్క్ కార్డును కొత్త సిస్టం గుర్తుపట్టలేదు. కార్యదర్శి గారు గడియారం చూశారు. అన్న మాత్రం తన సీడీల డబ్బా తెప్పించుకుని, ఆ కార్డును నడిపే పాత డ్రైవర్ ప్రోగ్రామును వెతికి, ఎక్కించి, తీసి, మళ్లీ ఎక్కించాడు. సాయంత్రానికి నేను సగంలో ఆపిన గ్రంథం తెరుచుకుంది.

“సదువుకోండ్రి, దరఖాస్తులు పెట్టుండ్రి. బ్యాంకు పాస్‌వర్డులు మాత్రం కొట్టకుండ్రి. పెద్దాయనకు రక్షణ తక్కువ” అన్నాడు. తన పనికున్న హద్దును తానే చెప్పడం ఆయన నిజాయితీ.

ఆయనలో లోపం లేదనను. ఒక యంత్రం ముందు కూర్చుంటే మిగిలినవాళ్లందరికీ ‘రేపు రండ్రి’ అనేవాడు. “ఛాతీల నొప్పికి సుత రేపే అన్నడు” అని ఏడ్చింది ఆయన భార్య మార్తమ్మ వదిన.

సమాధి తోటకు తీసుకుపోయే ముందు, క్రిస్మస్‌కు కుట్టించుకున్న తెల్లచొక్కా తొడగబోయాం. బిగుసుకుపోయిన చెయ్యి దూరలేదు. వెనక కోద్దామని ఎవరో కత్తెర అడిగారు.

“కోయకుండ్రి” అంది వదిన. “జర మెల్లగ దూర్చుండ్రి.”

చాలాసేపు పట్టింది. చొక్కా చినగలేదు.

అన్నా, ఈ నాలుగు మాటలు మన గ్రంథాలయం పెద్దాయన మీదే కొడుతున్నాను. చక్కగా నడుస్తున్నాడు. మళ్లీ అలిగితే ఎవరిని పిలవాలో మాత్రం తెలియడం లేదు.