పాటలా ఎక్కించిన లినక్స్

ఏడో తరగతిలో నేను బడి మానేసిన రోజు మా లెక్కల సారు క్లాసంతా బిస్కెట్లు పంచారట. అలాంటి నేను మా ఆవిడ ఆన్‌లైన్ ఫారాలు నింపే పాత లాప్‌టాప్‌ను బతికిస్తానని పూనుకున్నాను. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేస్తే అది లేస్తుందన్నారు. మా ఊరు గోండ్‌పిప్రిలో నెట్ నిలవదు కనుక బస్సెక్కి చంద్రపూర్ వెళ్లి ఆ లినక్స్ పెద్ద ఫైల్ దించుకున్నాను. ట్రాక్టర్లవాళ్లకు పెన్‌డ్రైవ్‌లో పాటలు ఎక్కించడమే నా పని, దీన్నీ అలాగే ఎక్కించాను. రెండుసార్లు తెచ్చినా లాప్‌టాప్ లేవలేదు. వారం నుంచి ఆమె పని ఆగిపోయింది.

మూడోసారి చంద్రపూర్ బస్టాండులో కూర్చుని, చుట్టూ అంతా మరాఠీవాళ్లే కదా అని ఆ ఫైల్‌ను తెలుగులో తిడుతుంటే, పక్కన ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకున్న ఒకావిడ నవ్వింది.

“ఎట్ల ఎక్కించినవ్ అన్నా?”

“పాటలు ఎక్కించినట్టే.”

“గట్ల కాపీ చేస్తే లేవదు. దీనికో సాఫ్ట్‌వేర్ ఉంటది, దాంతోటి పెన్‌డ్రైవ్ మీద రాయాలె. ఇటియ్యి, ఫైల్ నా దాంట్లకు తీస్కొని రాస్త. అండ్ల ఉన్నయన్నీ పోతయ్, సరేనా?”

“నా ఇజ్జతే పోయిందక్కా, పాటలెంత!”

సగం రాయగానే నా బస్సు వచ్చింది. పెన్‌డ్రైవ్ లాగబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“కూసో. నడిమిట్ల పీకితే మల్ల మొదటికే వస్తది.”

కళ్లముందే బస్సు వెళ్లిపోయింది. పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆమె పేరైనా అడగలేదు. ఇప్పటికీ ఏ పెన్‌డ్రైవ్ పీకబోయినా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

ఇంటికెళ్లి ఆ పెన్‌డ్రైవ్ పెట్టగానే లాప్‌టాప్ లేచింది.

“చూసినవా, ఫైల్ మొదటి నుంచి మంచిదేనట!” అన్నాను.

మా ఆవిడ తల ఎత్తకుండా అంది: “తప్పు ఫైల్‌ది కాదని నాకు మొదటి రోజే తెలుసు. నిన్ను పంపిన తప్పు నాది.”