సరోజ ఏరిన దారం

మొన్న గుంటూరులో దారాల కొట్టతను "ప్యూర్ కాటనేనండీ" అన్నాడు. నమ్మకం కుదరక ఒక పోగు తెంపి, అగ్గిపుల్లతో అంటించి చూశాను. కాగితం కాలిన వాసన వచ్చింది. ఆ వాసనతో మా మస్తాన్‌బీ టీచరుగారి వరండా కళ్ళముందు నిలిచింది.

తొంభైల చివర్లో, చీరాలలో, ఆవిడ దగ్గర పదిమంది ఆడపిల్లలం మ్యాటీ గుడ్డ మీద రంగుదారాలతో బొమ్మలు కుట్టడం నేర్చుకునేవాళ్ళం. మొక్క నుంచి వచ్చిన దారమే వాడాలని ఆవిడ పట్టుదల. "నూలు కాలితే బూడిదవుతుంది, పాలిస్టర్ ముద్ద కడుతుంది. ముట్టించి చూడండే" అనేవారు. అందరికంటే శుభ్రంగా కుట్టేది నేను. కానీ దారం ఏరే పని మాత్రం వినుకొండ నుంచి వచ్చిన సరోజది. పత్తి రైతు కూతురు. వేళ్ళతో తాకి చెప్పేసేది. "సరోజా, నువ్వు చూడమ్మా" అని ఆవిడ పిలిచిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి ఒక డాక్టరుగారి భార్య దిండు గలీబు అడిగారు, మిరపకొమ్మ బొమ్మతో. సరోజ ఎర్రదారం ఏరిపెట్టి, మర్నాడు జ్వరంతో రాలేదు. ఆ దారంతో మిరపపండ్లు కుట్టే పని నాకొచ్చింది. నేను ఆ దారం దాచేసి, అదే రంగు పాలిస్టర్‌తో కుట్టాను. ఇస్త్రీ పెట్టగానే మిరపపండ్లు కరిగి పెట్టెకి అంటుకున్నాయి. అందరూ సరోజ వైపే చూశారు.

"నేను నూలే ఏరాను టీచర్, ఒట్టు" అని ఏడ్చింది.

దారం విషయంలో సరోజ పొరపడదని తెలిసిన టీచరుగారు మాత్రం నా మొహంలోకి చూశారు. అందరూ వెళ్ళాక నన్ను ఆపారు.

"ఎందుకు చేశావే?"

"మీరెప్పుడూ దాన్నే పిలుస్తారు."

"దానికి తెలిసింది నీకు తెలియదు కాబట్టి. కుళ్ళుకుంటూ కూర్చునే బదులు దాన్నే అడగొచ్చుగా? రేపు అందరి ముందూ చెప్పు."

చెప్పాను. నెలరోజులు సరోజ నాతో మాట్లాడలేదు. కొత్త గుడ్డ మీద ఆ కొమ్మంతా నేనే మళ్ళీ కుట్టాను. చివరికి ఒకరోజు, "నీకెట్లా తెలుస్తుందే?" అని అడిగాను. నా మొహం చూడకుండానే పోగు చేతిలో పెట్టింది.

"తడివేళ్ళతో లాగు. నూలైతే తడి పీల్చుకుంటది, పాలిస్టరైతే జారిపోద్ది."

ఆ తర్వాత మాటలు కలిశాయి గానీ, తన దారాల డబ్బా నాకు ఒదిలి ఎప్పుడూ పక్కకి వెళ్ళలేదు.

టీచరుగారు పోయి చాలా కాలమైంది. నా అసూయ మాత్రం పోలేదు. నాకంటే బాగా కుట్టిన పని చూస్తే ఇప్పటికీ ముందు దాంట్లో తప్పులే వెతుకుతాను. కాసేపటికి, సిగ్గు చంపుకొని, ఆ కుట్టిన మనిషి దగ్గరికే వెళ్ళి, "ఇది ఎలా చేశారండీ, నాకు చెప్తారా?" అని అడుగుతాను.