గేర్‌బాక్స్ మీది మూత

షార్జాలో మా వర్క్‌షాపు పని ఏసీ గాలి పారే పెద్ద రేకు గొట్టాలు, డక్టులు, చేయడం. రేకు వంచాలి, అతకాలి, అతుకులన్నిటికీ సిలికాన్ పూసి గాలి పోకుండా మూసెయ్యాలి. ఈ పని నేనూ మా అక్క భర్తా పదకొండేళ్లు జంటగా చేశాం. బావ డక్టులో దూరి లోపలి నుంచి రేకు పట్టుకునేవాడు, బయట డ్రిల్లు నాది. ఆ మోతలో మాట వినపడదు కనుక రేకు మీద రెండుసార్లు తట్టేవాడు. పట్టుకున్నాను, కానియ్ అని దానర్థం. 2020లో కరోనాకు పనులు ఆగిపోయాయి, ఆయన వీసా రద్దయింది. ఆయన ఊరికి బయల్దేరిన రోజు మేముండే క్యాంపు గేటు దాకా సూట్‌కేసు మోశాను. అంతకు మించి పోనివ్వలేదు.

రెండేళ్ల తర్వాత మా ముదీర్, అంటే మేనేజరు, ఒక కారు తెప్పించాడు. కారంటే కారు కాదు, పెట్టెల నిండా విడిభాగాలు. బిగించుకోవడం ఆయన సరదా. రెండు సీట్ల మధ్య గేర్‌బాక్సునీ, దాని వెనకాల తిరిగే షాఫ్టునీ కప్పుతూ సొరంగంలా పొడవాటి రేకు ఉంటుంది. దాన్ని రివెట్లతో బిగిస్తే గేర్‌బాక్సు ముట్టుకోవాలన్న ప్రతిసారీ పీకాలి. స్క్రూలు తీస్తే ఊడివచ్చే మూత కావాలన్నాడు.

“అచ్ఛా బనాయేగా తో, ఐసా కామ్ ఔర్ భీ హై. తేరా పురానా ఆద్మీ కో బులా లేంగే.”

ఇది బాగా చేస్తే ఇలాంటి పని ఇంకా ఉంది, బావను పిలిపిద్దామన్న ఆ మాట విన్న నాటి నుంచి నా కాలు నేల మీద లేదు. బావకు ఫోన్ చేసి చెబితే, “ముందుగాల పని సూడు బామ్మర్ది” అన్నాడు.

నాలుగు ఆదివారాలు పట్టింది. అట్టముక్కతో కొలత తీసి అల్యూమినియం రేకు వంచాను. గేరు కర్రకు దారి కోశాను. స్క్రూలు పట్టడానికి మరలున్న నట్లు చట్రంలో దిగ్గొట్టాను. పట్టుకునేవాడు లేక రేకుకు క్లాంపులు వేసుకున్నాను. అయినా డ్రిల్లు ఆనించి, లోపలి నుంచి తట్టే చప్పుడు కోసం ఒక్క క్షణం ఆగేవాణ్ణి. ఎన్నిసార్లు ఆగానో! నామీద నాకే కోపం వచ్చేది.

చివరి స్క్రూ బిగించి, సంతోషంలో చేతికందిన సిలికాన్ గొట్టం తీసి మూత అంచు చుట్టూ నున్నగా పూసేశాను. పదమూడేళ్ల చేతి అలవాటు మరి.

మర్నాడు ముదీర్ గేర్‌బాక్సులో నూనె పోద్దామని స్క్రూలన్నీ విప్పాడు. సిలికాన్‌కు అతుక్కుపోయిన మూత కదల్లేదు. “ఖోల్‌నే కే లియే బోలా థా!” ఊడివచ్చేలా చెయ్యమన్నానని స్క్రూడ్రైవర్ విసిరికొట్టి వెళ్లిపోయాడు. నాకు ముందు గుర్తొచ్చింది ఆయన కోపం కాదు, బావ వీసా.

సంగతి విని బావ ఫోన్‌లో పగలబడి నవ్వాడు. “మూత పెట్టుమంటే సమాధి కట్టినవా? బ్లేడు పట్టి మెల్లగ కొయ్యి. కింద రబ్బరు పట్టి ఎయ్యి.”

అలాగే చేశాను. ఆ వారమంతా పనయ్యాక బ్లేడుతో గీకి గీకి వేళ్లు కోసుకుపోయాయి. రబ్బరు పట్టీ వేసి బిగించాక ముదీర్ తనే విప్పి, పెట్టి, మళ్లీ విప్పాడు. “ఖలాస్. బులా లే ఉస్‌కో.”

బావను పిలిపించుకోమన్నాడు! వెంటనే వీడియో కాల్ చేసి మూత చూపించాను. బావ దాన్ని చాలాసేపు చూశాడు.

“మంచిగొచ్చింది.”

“ఇగ పాస్‌పోర్టు తియ్యి బావా.”

ఆయన వెనక ఎవరో పిల్ల పిలుస్తోంది. బావ అటు తిరిగి, మళ్లీ ఇటు చూశాడు. “నేనొచ్చిన కొత్తల చిన్నది నన్ను జూసి తలుపెనక దాక్కునేది. ఇప్పుడు నాయినా అని ఎంబడి తిరుగుతాంది. నేను రాను బామ్మర్ది.”

కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడగబోయాను. కానీ ఆ పిల్ల నా మేనకోడలే. నాకు మాత్రం బావ కావాలి, నా పక్కన, ఈ రేకుల మధ్య.

మూత తీసుకెళ్లి కారులో పెట్టాను. ఫోను సీటు మీద ఆనించి డ్రిల్లుకు స్క్రూ బిట్ తగిలించాను. అలవాటుగా ఆగాను.

ఫోన్లోంచి చప్పుడు వచ్చింది. బావ దేనిమీదనో వేలితో రెండుసార్లు తట్టాడు.